‘పండక్కి రా అమ్మా’ అని ఊరికే అనకండి



కాకినాడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం పది రోజులుగా నా బల్ల మీదే ఉంది. జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో తోచక రోజూ చదివి మడిచి పెడుతున్నాను. ఆవిడకి యాభై రెండేళ్ళు. వారి ఆయన బ్యాంకు ఉద్యోగం, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. అబ్బాయి పూణేలో, అమ్మాయి అమెరికాలో. మూడు పడగ్గదుల ఇంట్లో ఇద్దరే మిగిలారు.

“ఇల్లు బావురుమంటోందండీ. ఏదైనా అనాథాశ్రమం నుంచి పదేళ్ళ ఆడపిల్లని తెచ్చుకుని పెంచుకోవాలనుంది. ఆ పిల్లకి కడుపునిండా తిండి, చదువు దొరుకుతాయి. నాకా మోకాళ్ళ నొప్పులు, చేతికింద కాస్త సాయంగానూ ఉంటుంది. దత్తత అంటే మా పిల్లలు ఆస్తి గొడవలొస్తాయని భయపడుతున్నారు. దత్తత లేకుండా తెచ్చుకోవాలంటే ఎవరిని అడగాలి?” అన్నది ఆవిడ ప్రశ్న.

సోదరీ! మీ మనసు మంచిదే, అనుమానం లేదు. కానీ మీరు పులుసూ పాయసమూ ఒకే గిన్నెలో పోశారు. కోప్పడకుండా వినండి. మీకు చెబుతున్నట్టే ఉంటుంది గానీ, ఇలా అనుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి అందరికీ కలిపే చెబుతున్నాను.

చేతికింద సాయమా, పెంపకమా?

ముందు ఆ ‘చేతికింద సాయం’ మాట తేల్చేసుకుందాం. మన అమ్మమ్మల కాలంలో ఊళ్ళోంచి ఒక దిక్కులేని పిల్లని తెచ్చి, ‘మా ఇంట్లో పిల్లలాగే పెరుగుతోంది’ అనేవారు. ఆ పిల్ల అందరికంటే ముందు లేచేది, అందరూ తిన్నాక తినేది. పేరుకి పెంపకం, జరిగేది చాకిరీ. 2006 అక్టోబరు నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం నేరం. 2016లో చట్టం ఇంకా గట్టిపడి, ఆ వయసు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదంది. కాబట్టి మోకాళ్ళ నొప్పులకి డాక్టరుని చూడండి, గిన్నెలకి పనిమనిషిని పెట్టుకోండి. పిల్లని మాత్రం పిల్లగానే తలచుకోండి. మీ అమ్మాయి పదేళ్ళప్పుడు కంచం తీసినట్టు, పూజకి పూలు కోసినట్టు ఈ పిల్లా చేస్తుంది. అంతకుమించి కాదు.

ఇంకో హెచ్చరిక. ఆస్పత్రి ఆయానో, తెలిసిన దళారీనో ‘ఒక పాప ఉందమ్మా, కాగితాలేవీ అక్కర్లేదు’ అంటే ఆ గుమ్మం తొక్కకండి. అనాథ పిల్లల్ని చట్టప్రకారం కాకుండా దత్తత పేరుతో ఇచ్చినా పుచ్చుకున్నా మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే అది పిల్లల అమ్మకమే, శిక్ష ఇంకా ఎక్కువ. దిక్కులేకుండా పిల్లలెవరైనా కనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యండి. ఇరవైనాలుగు గంటల్లోగా ఈ నంబరుకో, పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో తెలపడం మన విధి.

దత్తత కాదు, మరేమిటి?

దత్తత అంటే ఆ పిల్ల ఇక మీ పిల్లే. ఇంటిపేరు, ఆస్తిలో హక్కు అన్నీ వస్తాయి. అది జన్మబంధంతో సమానం. అలాకాక, కన్నవాళ్ళు జబ్బుపడో, జైల్లో ఉండో, సాకలేకో పిల్లలు హోముల్లో ఉంటారు. దత్తతకి అర్హత ఉన్నా పెద్దవాళ్ళయిపోయారని ఎవరూ అడగనివాళ్ళూ ఉంటారు. ఇలాంటి పిల్లలకి కొంతకాలం ఒక కుటుంబం తన ఇంట్లో చోటిచ్చి సాకడాన్ని ఫోస్టర్ కేర్ అంటున్నారు. పెంపుడు సంరక్షణ అని మనం చెప్పుకోవచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షను దీని గురించే.

ఇదేదో విదేశాల నుంచి దిగుమతి అయిన వింత అనుకోకండి. యశోద చేసింది ఏమిటి? గోరుముద్దలు తినిపించి పెంచింది. పిల్లవాడు మధుర వెళ్ళి కన్నవాళ్ళని చేరుకున్నాడు. అంతమాత్రాన యశోదని తల్లి కాదన్నవాళ్ళున్నారా? భారతంలో కృష్ణుడు కర్ణుడి పుట్టుక రహస్యం చెప్పి పాండవుల వైపు రమ్మంటే, తనని సాకిన రాధని, అధిరథుణ్ణి వదిలి రాలేనన్నాడు కర్ణుడు. రాజ్యం కన్నా పెంచిన చెయ్యి పెద్దదయింది అతనికి. చూశారా, ఈ సంగతి మనకి కొత్త కాదు. కాగితం మీదికి రావడమే కొత్త.

ఏడాది లోపు ఉంచుకుంటే స్వల్పకాలం, అంతకు మించితే దీర్ఘకాలం. పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా కూడా సాగవచ్చు. ఆస్తి హక్కు రాదు. కన్నవాళ్ళు ఉంటే, పిల్లకి మేలని సమితి అనుకుంటే, వాళ్ళు వచ్చి చూసి వెళ్ళవచ్చు. పరిస్థితి చక్కబడితే పిల్ల వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవచ్చు కూడా. ఈ మాట మొదటే మనసుకి చెప్పుకోవాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే వీలైనంతవరకు విడదీయకూడదని చట్టమే చెబుతోంది. ఒక పాపని చూడ్డానికి వెళితే వెనక తమ్ముడు కొంగు పట్టుకుని నిలబడి ఉండవచ్చు సుమండీ.

2024లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. హోముల్లో ఉన్న ఆరేళ్ళు దాటిన పిల్లలకి ఈ పెంపకం. అంతకు ముందు భార్యాభర్తలకే అవకాశం ఉండేది. ఇప్పుడు పెళ్ళి కానివారు, భర్త పోయినవారు, విడాకులు తీసుకున్నవారు కూడా ముప్ఫయ్ అయిదు నుంచి అరవై ఏళ్ళ మధ్య వయసుంటే ముందుకు రావచ్చు. ఒంటరి ఆడవాళ్ళకి ఆడపిల్లనైనా మగపిల్లవాణ్ణైనా ఇస్తారు. ఒంటరి మగవాళ్ళకి ఆడపిల్లని ఇవ్వరు. దంపతులకైతే కనీసం రెండేళ్ళ స్థిరమైన కాపురం ఉండాలి, ఇద్దరి వయసూ కలిపి లెక్క చూస్తారు. దత్తతకి అర్హత ఉన్న పిల్ల మీ దగ్గర రెండేళ్ళు పెరిగాక, ఇద్దరికీ ఇష్టమైతే దత్తతకి అడగవచ్చు. ఇదివరకు అయిదేళ్ళు ఆగాల్సి వచ్చేది.

అడగాల్సిన చోటు మీ జిల్లా బాలల సంరక్షణ విభాగం. ఎక్కడుందో మీ వీధి అంగన్‌వాడీ టీచరుని అడిగినా చెబుతుంది. దత్తతల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ ‘కారా’ వెబ్‌సైటులో కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. అధికారులు మీ ఇంటికి వస్తారు. ఇల్లు చూస్తారు, ఇంట్లో అందరితో మాట్లాడతారు, ఆరోగ్యం, పోలీసు రికార్డు చూస్తారు. ‘మమ్మల్నే అనుమానిస్తారా’ అని నొచ్చుకోకండి. మన పిల్లకి సంబంధం చూసేటప్పుడు మనం ఎన్ని ఆరాలు తియ్యం! పిల్ల ఇష్టాన్ని కూడా కనుక్కున్నాకే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఇస్తుంది. తర్వాత నెలనెలా వచ్చి పిల్ల ఎలా ఉందో చూడాలి, అది వాళ్ళ బాధ్యత. పిల్ల ఖర్చుకి 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనల్లో నెలకి 4,000 రూపాయలు పెట్టారు. అది పిల్ల సొమ్ము, మన పాలవాడి బాకీకి కాదు.

వచ్చిన కొత్తలో...

హోములో పెరిగిన పిల్ల ఇంటికి రాగానే ‘అమ్మా’ అని వాటేసుకుంటుందని సినిమాల్లోలాగా ఊహించుకోవద్దు. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం అలవాటైన పిల్ల. ఫ్రిజ్ తెరవాలన్నా అడుగుతుంది. మారు వడ్డించుకోదు. లేదా నాలుగు అరిసెలు దిండు కింద దాస్తుంది. ‘దొంగబుద్ధి’ అనకండి, రేపు దొరుకుతుందో లేదో అన్న భయం అది. ఒక డబ్బాలో చిరుతిండి పోసి, ‘ఇది నీది, అయిపోతే మళ్ళీ నింపుతాను’ అనండి. అన్నాక నింపండి. రెండు మూడు నెలలకి దిండు కింద ఏమీ ఉండదు.

పక్కింటావిడ ముందు ‘పాపం అనాథ’ అనకండి. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. పెంపుడు కుటుంబంలో ఉన్న పిల్ల వివరాలు బయటపెట్టకపోవడం మర్యాద మాత్రమే కాదు, పిల్లకి రక్షణ కూడా. ‘నేను కాబట్టి పెంచుతున్నాను’ అన్న మాట కోపంలో కూడా నోట్లోంచి రాకూడదు. సొంత పిల్లల్ని ‘చెప్పిన మాట వినకపోతే హాస్టల్లో వేస్తా’ అని బెదిరిస్తాం కదా, ఈ పిల్లతో ఆ బెదిరింపు అస్సలు వద్దు. మనవాళ్ళు అది నమ్మరు, ఈ పిల్ల నమ్ముతుంది.

ఎనభై మందికి వండటం వచ్చిన అమ్మాయి

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి గొప్పగా లేదు, అయినా చెబుతాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. మా వీధి చివర మేడ మీద గదిలోకి ఇద్దరు అమ్మాయిలు అద్దెకి వచ్చారు. పద్దెనిమిదేళ్ళు నిండాయని హోములోంచి బయటికి వచ్చినవాళ్ళు. బట్టల కొట్లో పని. ఒకరోజు సాయంత్రం అందులో ఒక అమ్మాయి గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. “అమ్మగారూ, ఒక్క మనిషికి పప్పుచారులోకి కందిపప్పు ఎంత వెయ్యాలండీ?” అంది.

నాకు నవ్వొచ్చింది. “వంట రాదా?” అన్నాను. “ఎనభై మందికి సాంబారు పెట్టడం వచ్చండీ. ఒక్కదానికి ఎంతో తెలీదు” అంది. నా నవ్వు ఆగిపోయింది.

ఆ పిల్ల హోములో వంటవాళ్ళకి సాయం చేసేదట. కేజీల లెక్క తెలుసు, గుప్పెడు లెక్క తెలీదు. గ్యాసు బుక్ చెయ్యడం, పాలు విరిగితే ఏం చెయ్యాలో, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలో, జీతంలో అద్దె పోను నెలాఖరుదాకా ఎలా లాగాలో తెలీదు. ఇవి మన పిల్లలకి మనం కూర్చోబెట్టి నేర్పామా? మన కొంగు పట్టుకు తిరుగుతూ వాళ్ళే నేర్చుకున్నారు. కొంగే లేని పిల్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ రోజునుంచి ఆదివారాలు వచ్చేది. ఒక మనిషికి గుప్పెడు కందిపప్పు, ఉసిరికాయంత చింతపండు అని మొదలుపెట్టి రసం, పచ్చడి, పోపులపెట్టె దాకా వచ్చాం. ఏడాది తర్వాత కొట్టుకి దగ్గరని ఊరి అవతల హాస్టలుకి మారింది. వెళ్ళే రోజున, “సంక్రాంతికి రా అమ్మా, మా ఇంట్లోనే భోంచేద్దువుగాని” అన్నాను.

మనం ఎంతమందితో అనం ఇలా! పెళ్ళిలో కనిపించినవాళ్ళతో, రైల్లో పరిచయమైనవాళ్ళతో ‘మా ఊరొస్తే తప్పకుండా రండి’ అంటాం. వాళ్ళూ నవ్వి తలూపుతారు. రారని మనకి తెలుసు, పిలవలేదని వాళ్ళకి తెలుసు. కానీ జన్మలో మొదటిసారి ఒక ఇంటినుంచి పండగ పిలుపు అందుకున్న పిల్లకి ఆ మర్యాద భాష తెలీదు కదండీ!

భోగి ముందురోజు మా అబ్బాయి బెంగుళూరు రమ్మన్నాడు. ఇల్లు తాళం వేసి వెళ్ళిపోయాం. నాలుగో రోజున తిరిగొస్తే గేటుకి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. లోపల ఆరు కమలాలు, వడిలిపోయి ఉన్నాయి. ఎదురింటావిడ చెప్పింది. “పండగనాడు పొద్దున్నే వచ్చిందండీ, తలంటుకుని, కొత్త చుడీదార్ వేసుకుని. ఊరెళ్ళారంటే ‘రమ్మన్నారండీ, వచ్చేస్తారేమో’ అని మధ్యాహ్నం దాకా మీ మెట్ల మీద కూర్చుంది. నేను పులిహోర పెడతానన్నా రానంది.”

అప్పట్లో ఆ పిల్లకి ఫోను లేదు. మర్నాడు హాస్టలు వెతుక్కుంటూ వెళ్ళాను. ఏం చెప్పాలో తెలియక ఏదో గొణిగాను. ఆ పిల్ల నన్నే ఓదార్చింది. “ఏం ఫర్లేదమ్మగారూ, మాకు అలవాటే” అంది.

తిట్టినా బాగుండేది.

పద్దెనిమిది దాటాక

మన ఇళ్ళల్లో పిల్లలకి పద్దెనిమిదేళ్ళొస్తే ఇంజనీరింగ్ సీటు గొడవ మొదలవుతుంది. హోములో పిల్లలకి ఆ పుట్టినరోజున ఇల్లే పోతుంది. దీన్ని గమనించే చట్టంలో 46వ సెక్షను పెట్టారు. బయటికి వెళ్ళేవారికి ఇరవై ఒకటో ఏడు దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు దాకా చదువుకో, పనికో, ఉండటానికో ఆసరా ఇవ్వవచ్చు. మిషన్ వాత్సల్యలో దీనికీ నెలకి 4,000 రూపాయలు ఉంది. తెలుగు రాష్ట్రాల బీసీ-ఏ జాబితాలో పదేళ్ళలోపు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని గుర్తింపు ఉన్న ఆశ్రమాల్లో, బడుల్లో పెరిగిన అనాథ పిల్లలు కూడా ఉన్నారు. ఈ సంగతి తెలియక ఆ సర్టిఫికెట్టు అడగని పిల్లలుంటారు. మీకు తెలిసిన పిల్ల ఎవరైనా ఉంటే చెప్పండి, వెంట వెళ్ళి దరఖాస్తు పెట్టించండి. ఆఫీసుల చుట్టూ తిరగడానికి వెంట ఒక పెద్దదిక్కు ఉంటే సగం పని అయినట్టే.

అలాగే మీ పనిమనిషో, కూరగాయలమ్మో భర్త పోయి ‘పిల్లల్ని హాస్టల్లో పడేస్తానమ్మా’ అంటే, తొందరపడొద్దని చెప్పండి. తల్లి ఉన్న పిల్ల తల్లి దగ్గరే పెరగాలని స్పాన్సర్‌షిప్ కింద పిల్లకి నెలకి 4,000 ఇచ్చే ఏర్పాటు ఉంది. భర్త పోయినవారికి, విడిచిపెట్టినవారికి, ఇంటిపెద్ద పెద్ద జబ్బున పడ్డవారికి ఇది వర్తిస్తుంది. 2022 నిబంధనల్లో ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000 రూపాయలు. దీనికీ ఆ జిల్లా కార్యాలయమే. హోముకి వెళ్ళకుండా ఒక పిల్లని ఆపగలిగితే అంతకంటే పుణ్యం ఏముంది?

మరి మనవల్ల అయ్యేది?

కాకినాడ సోదరీ! ఇంత చెప్పాక మీరు అడగవచ్చు, ‘అయితే వద్దంటారా?’ అని. వద్దనను. ముందు మీ ఆయనతో, అబ్బాయితో, అమ్మాయితో కూర్చుని మాట్లాడండి. సాయం కోసం కాదు, బావురుమనే ఇంటిని నింపుకోవడానికి కూడా కాదు, ఒక పిల్ల కోసం అయితేనే ఆ ఆఫీసు మెట్లెక్కండి. మూడు నెలల తర్వాత ‘మాకు కుదర్లేదండీ’ అని తిప్పి పంపితే, ఆ పిల్ల జన్మలో మరో గుమ్మాన్ని నమ్మదు. అమ్మాయి పురిటికి ఆరునెలలు అమెరికా వెళ్ళాల్సి ఉంటే ముందు వెళ్ళి రండి, తర్వాతే పిల్ల సంగతి.

అంత బాధ్యత మోయలేమనిపిస్తే సిగ్గుపడక్కర్లేదు. హోము పెద్దల అనుమతి తీసుకుని నెలకొకసారి వెళ్ళండి. లెక్కలో, కుట్టుపనో, బ్యాంకు ఫారం నింపడమో నేర్పండి. పుట్టినరోజు కేకు, బిర్యానీ పొట్లాలు, పిల్లలతో ఫోటో, మళ్ళీ ఏడాదిదాకా కనిపించకపోవడం, ఇది మాత్రం వద్దు. రెండో శనివారం అంటే రెండో శనివారమే వెళ్ళండి. వెళ్ళలేకపోతే ముందే కబురు పెట్టండి. చేతిలో ఏమీ తీసుకెళ్ళకపోయినా ఫర్వాలేదు, చెప్పిన రోజున కనిపించండి చాలు. డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, ఉత్తర్వు సమితి ఇస్తుంది. మాట నిలబెట్టుకోవడం ఒక్కటే మన ఇంట్లోంచి రావాలి.

ఆ అమ్మాయి ఏమయిందని అడుగుతారని తెలుసు. ఆ ఉగాదికి పిలిచాను, రాలేదు. అట్లతద్దికి పిలిచాను, కొట్లో సెలవు లేదంది. మరుసటి సంక్రాంతికి వెళ్ళి ఆటోలో తీసుకొచ్చాను. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. మొదటి పురుడు మా ఇంట్లోనే పోశాను. ఇప్పుడు ప్రతి సంక్రాంతికీ మొగుడితో, పిల్లలతో వస్తుంది, పప్పుచారు నాకంటే బాగా పెడుతుంది.

కానీ బయల్దేరే ముందు ఇప్పటికీ ఒకసారి ఫోన్ చేస్తుంది. “ఇంట్లోనే ఉంటారుగా అమ్మా?” అని అడుగుతుంది.

“ఉంటానమ్మా, రా” అంటాను. ఉంటాను కూడా.

వచ్చేవారం మళ్ళీ కలుసుకుందాం.